తప్పంతా బంకోడిదేనా?

ఆత్మకూరులో ఏ మెకానిక్ షెడ్డు కాడ నిలబడినా ఒకటే మాట: బంకోడు డీజిల్లో నీళ్లు కలిపినాడు. ట్రాక్టర్లవాళ్లం, సంగమేశ్వరం కాడ ఇంజను పడవలు తిప్పేవాళ్లం, అందరం అదే పాట పాడతాం. కొలకర్రకు నీళ్లను పసిగట్టే పేస్టు రాసి ట్యాంకులోకి దించితే నీళ్లున్న మేర రంగు మారుతుంది. బంకులో రోజూ చేసే పనే. మనం ఎన్నడైనా దగ్గరుండి చూశామా? పోనీ, మన డీజిల్ డ్రమ్ములో ఆ కర్ర దించామా?

ఇంటి వెనక నిలబెట్టిన డ్రమ్మును చూడండి. వాన కురిస్తే పైఅంచు లోపల నీళ్లు నిలుస్తాయి. బిరడా సగమే బిగించి ఉంటాం. పగలు ఎండకు లోపలి గాలి ఉబ్బి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే డ్రమ్ము మళ్లీ గాలి పీలుస్తుంది, దాంతోపాటే బిరడా చుట్టూ నిలిచిన నీళ్లనూ లాక్కుంటుంది. ఒకవైపు ఇటుక పెట్టి, బిరడా ఎత్తు వైపు ఉండేలా డ్రమ్మును వంచితే చాలు. ఆ ఇటుక మనం పెట్టలేదు.

నీళ్లు డీజిల్ కన్నా బరువు, అడుక్కి చేరతాయి. ఆ రెండూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారై ఫిల్టరును మూసేస్తుంది. పంపుకూ నాజిలుకూ డీజిలే కందెన. అక్కడికి నీళ్లు చేరితే తుప్పే. గరాటులో పాత లుంగీ ముక్క వేసి వడగట్టామని తృప్తి పడతాం. గుడ్డ నీళ్లను ఆపదు, పైగా దాని నూలుపోగులు ఫిల్టరుకు చేరతాయి. తాగే నీళ్లకున్న శ్రద్ధలో వీసమైనా దీనికి పెట్టలేదు.

పడవల సంగతి మరీ ఘోరం. వేసవిలో శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గితే సగం ట్యాంకుతో ఒడ్డున వదిలేస్తాం. వరద రాగానే, ట్యాంకు అడుగున చేరిన నీళ్లు తీసే బోల్టు విప్పకుండానే స్టార్టు చేస్తాం. ట్రాక్టరు ఆగితే దిగి నడిచి ఇంటికి పోవచ్చు. నడి నీళ్లలో, ఎదురుగాలిలో, జనాన్ని ఎక్కించుకున్నాక ఇంజను ఆగితే?

ఎప్పుడైనా బుద్ధి పుట్టి బోల్టు విప్పినా, ఆ మడ్డిని పారబోసేది జలాశయంలోనే. పోతిరెడ్డిపాడు మీదుగా తెలుగుగంగలో మద్రాసు దాకా తాగడానికి పోయేది ఆ నీళ్లే. పాత క్యానులో పట్టి ఒడ్డుకు తేవడం మనకు బరువైంది.