తొమ్మిది మార్కుల ఇల్లు

ఇంటికన్నా ముందు పొరుగును చూడమని మన పెద్దలు చెబుతూ వచ్చారు. అమెరికాలో డల్లాస్ శివార్లలో ఇల్లు కొనదలచిన మన తెలుగు కుటుంబాలు, వారిలో ముస్లిం కుటుంబాలు సైతం, పొరుగును చూడడం లేదు. ఇంటిని కూడా సరిగా చూడడం లేదు. ఒక అంకెను చూస్తున్నారు. ఆ ఇల్లు ఏ ఎలిమెంటరీ స్కూలు పరిధిలోకి వస్తుంది, ఆ స్కూలుకు పదింటికి ఎన్ని మార్కులు వచ్చాయి అన్నదే ఆ అంకె. ఎనిమిదికి తక్కువైతే కారు దిగరు. ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. గత ఏడాది మా అబ్బాయి, కోడలు అక్కడ ఇల్లు వెదికిన మూడు నెలలూ నేను వారి కారు వెనుక సీటులో కూర్చున్నవాడిని.

అక్కడి విధానం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా వంటిది కాదు. ప్రజలు ఎన్నుకున్న పాలకమండలి గల ప్రత్యేక స్థానిక ప్రభుత్వ సంస్థ అది. ఇళ్లమీద ఆస్తి పన్ను వేసే అధికారం దానికి ఉంది. దాని లోపల ప్రతి ఎలిమెంటరీ స్కూలుకూ హద్దులు గీసిన పటం ఉంటుంది. ఏ వీధి పిల్లలు ఏ బడికి పోవాలో ఆ పటం నిర్ణయిస్తుంది. 1985లో మండలాలు ఏర్పడిన నాటినుంచి పదవీ విరమణ దాకా సరిహద్దుల ఫైళ్లు మోసిన గుమాస్తాను నేను. పటం మీద గీత గీసిన ప్రతిసారీ ఒకరికి లాభం, మరొకరికి నష్టం కలుగుతాయని నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

మేము చూసిన ఇళ్లలో రెండు ఒకే రోడ్డుకు అటొకటి, ఇటొకటి ఉన్నాయి. ఒకే బిల్డరు కట్టినవి, అవే గదులు, అదే పెరడు. ఒకటి తొమ్మిది మార్కుల స్కూలు పరిధిలోది, రెండవది ఆరు మార్కుల స్కూలు పరిధిలోది. మొదటి దాని ధర 55 వేల డాలర్లు ఎక్కువ. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో ఫీజు లేదని మనవాళ్లు ఎంతో గొప్పగా చెప్పుకుంటారు. ఫీజు లేకపోవడమేమిటి? అది ఇంటి ధరలో కలిసిపోయి, 30 ఏళ్ల బ్యాంకు వాయిదాలుగా వసూలవుతోంది! శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ శివార్లను తీసుకుని, స్కూలు హద్దుకు ఇరువైపులా ఉన్న ఇళ్ల ధరలను పోల్చి 1999లోనే లెక్క తేల్చారు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువగా ఉన్న వైపు ఇంటికి తల్లిదండ్రులు 2.5 శాతం ఎక్కువ చెల్లిస్తున్నారు.

ఆ అంకె పిల్లవాడి చదువును చెబుతుందా అంటే, అదీ అనుమానమే. టెక్సాస్‌లో రాష్ట్ర పరీక్ష మూడవ తరగతి నుంచే మొదలవుతుంది. మా మనుమడు చేరవలసింది కిండర్‌గార్టెన్‌లో. అక్కడి నుంచి రెండవ తరగతి వరకు ఏ టీచరు ఎలా చదువు చెబుతున్నదో ఆ పరీక్ష మార్కుల్లో కానరాదు. పైపెచ్చు పరీక్షలో వచ్చిన మార్కు చాలా వరకు ఇంట్లోని ఆదాయాన్ని, తల్లి చదువును, ఇంటి భాషను కొలుస్తుంది. డాక్టర్లు, ఇంజనీర్లు కొన్న కాలనీలోని బడికి తొమ్మిది రావడంలో బడి గొప్పతనం ఎంత, కాలనీ గొప్పతనం ఎంత?

ఒక ఆదివారం ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటును నేనే అడిగాను. ఆయన కూడా మన తెలుగువాడే. "ఈ చుట్టుపక్కల ఎలాంటివారు ఉంటారు బాబూ?" అన్నాను. ఆయన మర్యాదగా నవ్వి, "అది చెప్పకూడదండి, చట్టం ఒప్పుకోదు. స్కూలు రేటింగు చూసుకోండి, మీకే అర్థమవుతుంది" అన్నారు. ఆ చివరి వాక్యం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

1930ల్లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వ సంస్థ ఒకటి రెండు వందలకు పైగా నగరాల పటాలు తయారు చేయించి, నల్లజాతివారు, పేద వలసదారులు ఉండే పేటలకు ఎర్రరంగు పూయించింది. అప్పు ఇవ్వడానికి అవి ప్రమాదకరమని ఆ రంగుకు అర్థం. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. ఏజెంటు నోరు కట్టుకున్నది ఆ చట్టానికి భయపడే. కానీ నోరు చెప్పలేనిది అంకె చెబుతోంది. ఎర్రరంగు పోయి ఆరు మార్కులు వచ్చాయి.

ఆ ఆరు మార్కుల స్కూలును బయటినుంచి చూద్దామని ఒకరోజు బడి వదిలే వేళకు వెళ్లాము. స్పానిష్ మాట్లాడే పిల్లలు, నల్లజాతి పిల్లలు ఎక్కువమంది. వారి నడుమ హిజాబ్ ధరించిన తల్లుల చేతులు పట్టుకుని సిరియా నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల పిల్లలు. సోదరులారా, ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రమజాన్‌లో ఇదే శరణార్థి కుటుంబాల కోసం మనవాళ్లు మసీదులో ధారాళంగా చందాలిస్తారు. అదే పిల్లవాడి పక్క బెంచీలో తమ బిడ్డను కూర్చోబెట్టడానికి మాత్రం 55 వేల డాలర్ల దూరం పాటిస్తారు.

1990ల్లో నాకు ఒక పట్టణానికి బదిలీ అయింది. అద్దె ఇంటి కోసం ఒక వీధికి వెళితే, గేటు దగ్గర ఎంతో ఆదరంగా మాట్లాడిన పెద్దమనిషి నా పేరు విన్నాక, "నిన్ననే ఇచ్చేశామండి" అన్నాడు. ఆ "టు లెట్" బోర్డు మరో రెండు నెలలు అక్కడే వేలాడింది. ఈ పత్రిక చదివే ఇళ్లలో ఈ అనుభవం లేని ఇల్లు అరుదు. ఆ గేటు బయట నిలబడిన జాతికి చెందిన మనం, సముద్రాలు దాటి వెళ్లి, గేటు లోపలి మనిషిగా మారడానికి అదనపు సొమ్ము చెల్లిస్తున్నాము.

ఈ గీతలు వాటంతటవే పుట్టలేదు. టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ల పేట తల్లిదండ్రులు 1968లో దావా వేశారు. ఎడ్జ్‌వుడ్‌లో ఆస్తి పన్ను రేటు వందకు డాలరు 5 సెంట్లు, సంపన్నుల ఆలమో హైట్స్‌లో 85 సెంట్లే. అయినా తలకు ఎక్కువ రేటు చెల్లించిన ఎడ్జ్‌వుడ్ పిల్లవాడి మీద 356 డాలర్లు, ఆలమో హైట్స్ పిల్లవాడి మీద 594 డాలర్లు ఖర్చయ్యేవి. పేట ఇళ్లకు విలువ లేకపోవడమే కారణం. 1973లో సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురి తేడాతో దావాను కొట్టివేసింది. విద్య ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్నది. మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, నగరంలోని వేర్పాటును సరిచేయడానికి శివారు డిస్ట్రిక్టులను కలపనక్కరలేదని అదే కోర్టు, అదే తేడాతో చెప్పింది. శివార్లకు తరలిపోయినవారి హద్దు గోడకు చట్టం కాపలా కాసింది. తరువాత 1989లో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిధుల పద్ధతిని తప్పుపట్టింది, 1993లో సంపన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత పేద డిస్ట్రిక్టులకు మళ్లించే చట్టమూ వచ్చింది. డబ్బు కొంత కదిలింది. గీత కదలలేదు.

గీత దాటినవారికి ఏమవుతుందో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ నగరంలో ఒక నల్లజాతి తల్లికి తెలుసు. తన ఇద్దరు ఆడపిల్లలను శివారు బడిలో చదివించడానికి తన తండ్రి చిరునామా ఇచ్చిందన్న నేరానికి 2011లో ఆమె తొమ్మిది రోజులు జైలులో గడిపింది. సర్వీసులో నేను ఎన్నో నివాస ధ్రువపత్రాలు టైపు చేశాను. తాతగారి ఊరి పేరు రాయించుకున్న తల్లులను ఎందరినో చూశాను. జైలు ఊహకైనా అందలేదు.

ఇదంతా మా అబ్బాయితో అన్నాను. వాడు ఓపికగా విన్నాడు. "అబ్బా, మీరన్నది నిజమే. కానీ నా బిడ్డతో నేను ప్రయోగం చేయలేను. అయినా మా వీధి చివర సర్కారు బడి ఉండగా నన్ను ఆటో ఎక్కించి ఇంగ్లీషు మీడియం కాన్వెంటుకు ఎందుకు పంపారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. 1966లో కొఠారీ కమిషన్ పేద, ధనిక తేడా లేని ఉమ్మడి బడి, ఇరుగుపొరుగు బడి కావాలని సిఫారసు చేసింది. ఉద్యోగ సంఘం సభల్లో ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్న నేను, నెల జీతంలో ఐదో వంతు ఆ కాన్వెంటుకు కట్టాను. వాడు తొమ్మిది మార్కుల ఇల్లే కొన్నాడు. ఆ అలవాటు వాడికి నా ఇంట్లోనే అబ్బింది.

అయినా వాదన వదలుకోను. ఒక్క తండ్రిని ప్రయోగం చేయమనడం అన్యాయమే కావచ్చు. మసీదుకు వచ్చే ఇరవై కుటుంబాలు ఒకే ఏడాది ఆరు మార్కుల బడి పరిధిలో ఇళ్లు కొంటే అది ప్రయోగం కాదు, ఆ బడికి బలం. కొనబోయేవారు అంకెను కాక బడిని చూడాలి. లోపలికి వెళ్లి ప్రిన్సిపాలును కలవాలి, టీచర్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారో అడగాలి, ఇంగ్లీషు రాని పిల్లలకు ఏమి చేస్తున్నారో చూడాలి. హద్దుల పటాన్ని ఇళ్లమ్మేవారి సైటులో కాక డిస్ట్రిక్టు దగ్గరే సరిచూసుకోవాలి. ఆ హద్దు శాశ్వతమని ఎవరూ హామీ ఇవ్వరు. మనవాళ్లు ఎంతో మోజుపడే ప్లేనో డిస్ట్రిక్టే, పిల్లల సంఖ్య తగ్గిందని 2024లో నాలుగు బడులు మూసివేయాలని తీర్మానించింది. అధిక ధర పోసి కొన్న పరిధి ఒక సాయంత్రపు ఓటుతో మారిపోగలదు. ఆ ఓటు వేసే పాలకమండలిని ఎన్నుకునే హక్కు పౌరసత్వం వచ్చిన మనవారికి ఉంది. వారిలో ఎందరు ఆ ఎన్నికల రోజున కదులుతున్నారు? మా అబ్బాయి వంటి వీసాదారుకు పన్ను ఉంది, ఓటు లేదు. కానీ మండలి సమావేశంలో లేచి మాట్లాడడానికి వాడికీ అడ్డు లేదు.

ఇక్కడ మన సంగతి చూద్దాం. 2009 విద్యా హక్కు చట్టం కింద ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు బడి ఉండాలన్నది మన రాష్ట్రాల నియమం. ప్లాటు కొనేటప్పుడు బోరు నీళ్లు, రిజిస్ట్రేషను, మసీదు దూరం అడుగుతాము. ఆ కిలోమీటరు లోపల సర్కారు బడి ఎలా ఉందని అడిగినవాడిని నేను చూడలేదు. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు వచ్చాయని సంతోషిస్తున్నాము, సంతోషించవలసిందే. కానీ అవి ఐదో తరగతి నుంచి మొదలవుతాయి. మొదటి నాలుగేళ్లు, అక్షరం నిలిచేదీ పోయేదీ తేలే ఆ నాలుగేళ్లు, వీధి బడివే. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం బడి ముఖమే చూడలేదు లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ మానేసినవారి చదువుకు పునాది పడవలసిందీ ఆ వీధి బడిలోనే.

అమెరికా నుంచి తిరిగివచ్చాక మా వీధి చివరి బడికి వారానికి మూడు రోజులు వెళుతున్నాను. రెండో తరగతికి ఉర్దూ, తెలుగు చదివిస్తాను. హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి, నాకు కుర్చీ వేయించారు. పోయిన నెల యాజమాన్య కమిటీ ఎన్నిక జరిగింది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఓటు వేయడానికి వచ్చినవారిని లెక్కపెట్టాను, పదకొండు మంది తల్లులు, ఇద్దరు తండ్రులు. నా బిడ్డ ఏనాడూ ఆ బడిలో చదవలేదు, మనుమడు టెక్సాస్‌లో ఉన్నాడు. అందుచేత నాకు ఓటు లేదు. వరండాలో నిలబడి చీటీలు మడిచి ఇచ్చాను.