తెలుపును మిగుల్చుకునే విద్య

నలభై దాటిన తరువాత నీటిరంగులు నేర్చుకోవాలని ఉబలాటపడేవారు మన పట్టణాల్లో తక్కువేమీ కాదు. ఉద్యోగంలోనో సంసారంలోనో కొంత ఊపిరి సలిపే వేళకు, బడిలో వదిలేసిన కుంచె గుర్తుకువస్తుంది. దుకాణానికి వెళ్లి 48 రంగుల పెట్టె ఒకటి, దానికి తోడు 72 నీటిరంగు పెన్సిళ్ల డబ్బా ఒకటి కొంటారు. కాగితం మాత్రం పిల్లల డ్రాయింగు పుస్తకంలోంచి చించినదే. నెల తిరిగేసరికి రెండు పెట్టెలూ అలమర పైఅరకు చేరుతాయి. ఈ వయసులో ఇక చేయి తిరగదని తమకు తామే తీర్పు చెప్పుకొని ఊరుకుంటారు. చాలా సందర్భాల్లో ఆ నేరం కాగితానిది.

నూనెరంగుల్లో తెలుపు కూడా ఒక రంగు. గొట్టంలోంచి పిండి పూస్తారు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. తుమ్మజాతి చెట్ల జిగురుతో మేళవించిన రంగుపొడి నీటిలో కలిసి పలుచని పొరగా పరుచుకుంటుంది. వెలుగు ఆ పొరను దాటి, కాగితాన్ని తాకి, మళ్లీ అదే పొరలోంచి మన కంటికి వస్తుంది. మంచి నీటిరంగు చిత్రంలో ఆకాశం లోపలినుంచి వెలుగుతున్నట్టు కనిపించడానికి కారణమిదే. దానిమీద మరో నాలుగు పొరలు పులిమితే ఆ దారి మూసుకుపోయి బురద మిగులుతుంది. పోయిన తెలుపును తిరిగి తెచ్చుకునేందుకు 1834లో విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ జింకు ఆక్సైడుతో చేసిన ‘చైనీస్ వైట్’ను అమ్మకానికి పెట్టింది. పేరులో చైనా ఉన్నా అది లండను సరుకే. కాని కాగితపు తెలుపు పక్కన అది గోడకు మాసిక వేసిన సున్నంలా కనబడుతుందని నా అభిప్రాయం.

మనం రాసుకునే కాగితం చదరపు మీటరుకు 70, 80 గ్రాములు తూగుతుంది. తడి తగలగానే ఉబ్బి ముడతలు పడుతుంది. ఆ గుంటల్లో రంగు మడుగు కడుతుంది. నీటిరంగులకు 300 గ్రాముల కాగితం, వీలైతే పూర్తిగా పత్తిపీచుతో చేసినది, కావాలి. ఖరీదైనదే, సందేహం లేదు. పెద్ద షీటు కొని ఎనిమిది ముక్కలు చేసుకుంటే కొంత నయం. 72 పెన్సిళ్లకు పెట్టే డబ్బులో సగం కాగితం మీద పెట్టి, 12 పెన్సిళ్లతో సరిపెట్టుకోవడం తెలివైన బేరం.

ఈ కాగితపు పట్టింపు కొత్తది కాదు. కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే భార్య మేరీ, తన తోటలో పెంచిన పక్షులనూ జంతువులనూ చిత్రింపజేయడానికి 1777 నుంచి 1782 వరకు పాట్నా చిత్రకారుడు షేక్ జైనుద్దీన్ చేత పని చేయించింది. మొగలాయి సంప్రదాయంలో ఆరితేరిన ఆ చేతికి ఇంగ్లండునుంచి వచ్చిన వాట్మన్ కాగితం అందింది. ఆయన వేసిన పక్షిచిత్రాలు చాలావాటిలో వెనుక ఆకాశం లేదు, తోట లేదు. కొమ్మ, పక్షి, తెల్లకాగితం, అంతే.

అలా వదలడం చెప్పినంత తేలిక కాదు. నాతోపాటు ఆదివారాలు కుంచె పట్టే విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరున్నారు. నలభై ఏళ్లుగా తెల్లవారుజామున తడిపిన వాకిట్లో చుక్కల ముగ్గు వేసిన చేయి ఆవిడది, గీత వణకదు. కాని కాగితం మీద వేలెడు ఖాళీ కనిపిస్తే ఊరుకోలేకపోయేవారు. “వదిలేస్తే పని ఎగ్గొట్టినట్టుంటుందండీ” అనేవారు. ముగ్గులో తెలుపును మన చేత్తో పోస్తాం. ఇక్కడ తెలుపు ముందే పోసి ఉంది. దాని చుట్టూ ఉన్నదాన్ని వేయాలి. మూడో నెలలో ఆవిడ వరిచేలో కొంగల చిత్రం తెచ్చారు. అందులో కొంగలను అసలు వేయలేదు. చుట్టూ పచ్చని పైరు వేశారు. కొంగలు వాటంతటవే వచ్చి వాలాయి.

నీటిరంగు పెన్సిళ్ల జోలికి చాలామంది వెళ్లేది నీటి భయంతోనే. 1931లో స్విట్జర్లాండు సంస్థ కారన్ డాష్ ‘ప్రిస్మాలో’ పేరుతో నీటిలో కరిగే రంగు పెన్సిళ్లను విడుదల చేసింది. (ఆ సంస్థ పేరు మాస్కోలో పుట్టిన ఒక ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుని కలంపేరు, దాని వెనుక ఉన్న రష్యన్ మాట ‘కరందాష్’కు పెన్సిలనే అర్థం. ఇలాంటివి ఎదురైతే అనువాదకులు ఆగి చూడకుండా ముందుకు కదలలేరు.) పెన్సిలు మన మాట వింటుంది, నిజమే. అయితే గట్టిగా అదిమి గీస్తే కాగితంలో గాడి పడి, ఎంత తడిపినా ఆ గీత కరగదు. తేలికచేతితో గీతలు పరచి, శుభ్రమైన తడికుంచెతో లేతభాగంనుంచి ముదురుభాగానికి నడపాలి. తలకిందులైతే ముదురురంగు లేతదాన్ని మింగేస్తుంది. మరొక విశేషం: కుంచెతో పూసిన రంగు ఆరిన తరువాత ఒక ఛాయ తగ్గుతుంది; పొడిగా గీసిన పెన్సిలు తడి తగలగానే ముదురుతుంది. రెంటినీ కలిపి వాడేవారు ఈ తేడాను చిత్తుకాగితం మీద ముందే చూసుకోవాలి. నా మట్టుకు, పూవు ఈనెలకూ ఆకు అంచులకూ పెన్సిలు. ఆకాశానికి కుంచె తప్ప మరొకటి పనికిరాదు.

నీటికి జంకేవారు బెంగాలు చిత్రకారుల ‘వాష్’ పద్ధతిని గురించి తెలుసుకోవాలి. 1903లో జపానునుంచి కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూరు దాన్ని తనదైన రీతిలో రూపొందించారు. రంగు వేసి, ఆరనిచ్చి, చిత్రాన్ని మొత్తంగా నీటిలో ముంచి తీసి, మళ్లీ రంగు వేస్తారు! ప్రమోదకుమార చటర్జీ ద్వారా ఆ విద్య మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరింది. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. అంత నీరు తట్టుకున్నదీ కాగితమే.

ఇక చూపు సంగతి. జాన్ రస్కిన్ 1857లో ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ డ్రాయింగ్’ అనే పుస్తకాన్ని, గురువు దగ్గర లేని అభ్యాసకులకు రాసిన ఉత్తరాల రూపంలో వెలువరించాడు. అందులో ఒక అభ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. తెల్లని అట్టముక్కకు బఠాణీగింజంత రంధ్రం చేసి, దానిలోంచి దూరపు చెట్టును చూడాలి. ఆకుపచ్చ అనుకున్నది బూడిదనీలంగా తేలుతుంది. పేరు తెలిసిన రంగును కాక, కంటికి ఆనిన రంగును కాగితం మీద సరిపోల్చుకోవడం అక్కడ మొదలవుతుంది.

మొదటి పాఠానికి నేను సూచించేది వంకాయ. నిగనిగలాడే నల్లవంకాయను కిటికీ పక్కన పెడితే దాని బుగ్గ మీద కిటికీ అంతా చిన్న తెల్లని మచ్చగా కనిపిస్తుంది. ఆ మచ్చను పెన్సిలుతో సన్నగా గుర్తుపెట్టుకుని, క్రిమ్సన్ ఎరుపులో అల్ట్రామెరైన్ నీలం కలిపి చుట్టూ రంగు నడపండి. మచ్చ జోలికి పోవద్దు. తొడిమకు ఆకుపచ్చ పెన్సిలు చాలు. ఎండాకాలమైతే ఈ అంచునుంచి ఆ అంచుకు వెళ్లేలోగా రంగు ఆరిపోతుంది కనుక ఉదయమే కూర్చోవడం మేలు. పైగా కూరకు వంకాయ కావాలని వంటింట్లోంచి పిలుపు రావడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.