ఆపడం కూడా నేర్పాలి

సూరత్‌లో మరమగ్గాలపై పనిచేసే తెలుగువారు ఎందరో ఉన్నారు. పోగు తెగితే వారు వెంటనే మగ్గం ఆపుతారు. ఆపకపోతే గుడ్డ పాడవుతుంది. అలా ఆపినవాణ్ణి ఎవరూ చేతకానివాడనరు. విమానం నడపడం నేర్చుకునేవారికి కూడా ఈ బుద్ధి మొదటే నేర్పాలని నా అభిప్రాయం.

2014 నవంబరు 6న సూరత్ విమానాశ్రయంలో, ఢిల్లీకి బయలుదేరిన స్పైస్‌జెట్ బోయింగ్ 737 రన్‌వేపై పరుగెత్తుతూ ఒక గేదెను ఢీకొంది. పైలట్లు విమానాన్ని పైకి లేపకుండా ఆపేశారు. ప్రయాణికులంతా క్షేమంగా దిగారు.

శిక్షణ విమానాలకు గేదె అడ్డు రానక్కరలేదు. సెస్నా వంటి చిన్న విమానానికి ముందు ఒకే ప్రొపెల్లర్ ఉంటుంది. ఇంజనుకు పూర్తి శక్తి ఇవ్వగానే ప్రొపెల్లర్ నెట్టిన గాలి మెలికలు తిరుగుతూ వెళ్లి తోకను ఒక పక్కకు తోస్తుంది. దాంతో ముక్కు ఎడమకు మళ్లుతుంది. పక్కగాలి వీస్తుంటే, గాలి వచ్చే వైపుకు తిరగాలని కూడా చూస్తుంది. కుడికాలితో పెడల్ నొక్కి దాన్ని సరిచేయాలి. కొత్తవారు కంగారులో కారు నడిపినట్లు చేతిలోని చక్రాన్ని తిప్పుతారు. నేలమీద దానివల్ల దారి మారదు. లేదా పెడల్‌ను అతిగా నొక్కుతారు. విమానం కుడికి, మళ్లీ ఎడమకు ఊగి రన్‌వే దాటిపోతుంది.

అప్పుడు చేయవలసింది ఒక్కటే. శక్తి పూర్తిగా తగ్గించి, పెడళ్లతో ముక్కును తిన్నగా ఉంచుతూ, బ్రేకు వేసి ఆపాలి. కాని చూసేవారు నవ్వుతారేమో, గురువు కోప్పడతారేమో అన్న భయం చేతిని ఆపుతుంది. ప్రమాదమంతా ఆ రెండు క్షణాల సంకోచంలోనే ఉంది.

ఇలా ఆపి మళ్లీ మొదలుపెడితే ఖర్చు పెరుగుతుందని కొందరంటారు. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ప్రతి గంటకూ డబ్బు కట్టాలి. వారి మాట కాదనలేం. కాని ఒక పరుగు వదులుకుంటే పోయేవి కొన్ని నిమిషాలే. వదులుకోకపోతే విమానం పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆపడానికీ ఒక వేళ ఉంటుంది. రన్‌వే ఇంకా మిగిలి ఉండగానే ఆపాలి. అందుకే దాన్ని ముందే సాధన చేయించాలి.

కనుక శిష్యుణ్ణి ఒంటరిగా పంపేముందు గురువు “ఎలా ఎగిరావు?” అని మాత్రమే కాదు, “ఎప్పుడు ఆపుతావు?” అని కూడా అడగాలి. సమయానికి ఆపినవాణ్ణి మెచ్చుకోవాలి. మగ్గం దగ్గర మనకు తెలిసిన ఈ నీతి రన్‌వే మీదా చెల్లుతుంది.