కత్తెర దించిన చేయి

గుంటూరు జిల్లా నుండి ఒక తల్లి రాసిన ఉత్తరం మా ముందున్నది. ఆమె కుమారునికి 28 ఏళ్లు. హైదరాబాదులోని ఒక పెట్ సెలూన్‌లో ఏడేళ్లు పని చేశాడు. కుక్కలకు స్నానం చేయించడం, జూలు దువ్వి కత్తిరించడం, గోళ్లు తీయడం అతని వృత్తి. కొన్ని నెలల క్రితం కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కసాగాయి. నడిరేయి మేల్కొని చేయి విదిలించుకునేవాడట. ఒకనాడు కత్తెర పట్టు తప్పి ఒక చిన్న కుక్క చెవి అంచుకు తగిలింది. యజమాని ఏమీ అనకముందే అతను కత్తెర దించేసి, ఇక ఈ పని చేయలేనని చెప్పి ఇంటికి వచ్చేశాడు. నెలకు వచ్చే 18,000 రూపాయలు ఆగిపోయాయి. రంజాన్ తరువాత నికాహ్ నిశ్చయమై ఉన్నది.

ఆ తల్లి మమ్మల్ని మూడు విషయాలు అడిగింది. కుక్కల పని చేసినందుకే ఈ శిక్ష పడిందని బంధువులు అంటున్నారు, నిజమేనా? ఆమె తమ్ముడు తన మటన్ దుకాణంలో కూర్చోబెడతానంటున్నాడు, పంపవచ్చునా? పెళ్లికూతురి ఇంటివారికి చేతి సంగతి చెప్పాలా, దాచాలా?

మొదటి ప్రశ్నకు మేము సూటిగా సమాధానం చెబుతాము. జబ్బుపడిన మనిషి ముందు నిలబడి, ఫలానా పాపానికి ఇది ఫలితమని తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఏ పరీక్ష ఎందుకు వచ్చిందో తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. పైగా ఇక్కడ పాపమేమిటో మాకు బోధపడలేదు. హనఫీ ఫిఖహ్‌లో కుక్క లాలాజలం అపవిత్రం గానీ దాని శరీరం, వెంట్రుక అపవిత్రం కావు. షాఫిఈ ధర్మవేత్తలు కుక్కను సాంతం అపవిత్రమన్నారు, మాలికీలు పవిత్రమనే అన్నారు. షాఫిఈ అభిప్రాయం తీసుకున్నా, అపవిత్రమైనది తగిలితే కడుక్కోవాలి, అంతే. తగలడం నేరం కాదు. కారణం లేకుండా కుక్కను ఇంట్లో పెంచుకోవడం గురించి వచ్చిన హెచ్చరిక వేరే విషయం. పరుల కుక్కను కడిగి, దాని చర్మానికి అంటుకుపోయిన ఉండలు విప్పి, చెమటోడ్చి తీసుకున్న కూలి హరామ్ అనడానికి మాకు ఆధారం కనబడలేదు. వేటకు శిక్షణ పొందిన కుక్కల ప్రస్తావన మాయిదా సూరాలో ఉన్నది. గుహవాసుల వాకిట పడుకున్న కుక్క సంగతి కహఫ్ సూరా చదివే పిల్లలందరికీ తెలుసు. ఏడేళ్లుగా ఆ కూలిలోంచి వచ్చిన డబ్బుతో ఇంటి సరుకులు తెచ్చుకున్నప్పుడు నోరు మెదపని బంధువులకు చేయి పడిపోగానే ఫత్వా గుర్తుకురావడం మాకు కొంత ఆశ్చర్యమే.

అసలు ఆ చేతికి ఏమయిందో తెలుసుకోవడం ఇంతకన్నా అవసరం. మణికట్టు దగ్గర ఎముకల నడుమ ఒక ఇరుకైన సొరంగం వంటి దారి ఉన్నది. వేళ్లను ముడిచే నరాలు, అంటే వైద్యులు టెండన్లనే తాళ్లు, తొమ్మిది ఆ దారిలోంచే పోతాయి. వాటితోపాటు స్పర్శను మోసే మీడియన్ నాడి కూడా పోతుంది. తాళ్ల చుట్టూ వాపు వస్తే ఆ ఇరుకులో నాడి నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కడం, రాత్రిపూట బాధ ఎక్కువ కావడం దీని గుర్తులు. కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. ఉత్తరంలోని లక్షణాలు దీనికి దగ్గరగా ఉన్నాయి. అయినా మేము వైద్యులం కాము. నాడిలో విద్యుత్ సంకేతం ఎంత వేగంగా పోతున్నదో కొలిచే పరీక్ష ఉన్నది, అది చేయించి నిర్ధారించుకోవాలి. మధుమేహం, థైరాయిడ్ ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువ కనుక ఆ రక్తపరీక్షలు కూడా అడగండి.

కుక్కలకు క్షవరం చేయడంలో కష్టమేమున్నదని అనుకునేవారు ఒకరోజు ఆ బల్ల పక్కన నిలబడి చూడాలి. పెరిగిన లాబ్రడార్ 30 కిలోలకు పైగా తూగుతుంది. దాన్ని తొట్టిలోకి ఎత్తాలి, తడిసి మరింత బరువెక్కాక బల్లపైకి ఎత్తాలి. అది గింజుకుంటుంటే ఒక చేత్తో అదిమిపట్టి మరో చేత్తో దువ్వాలి. ట్రిమ్మర్ గంటల తరబడి అరచేతిలో అదురుతూనే ఉంటుంది. కత్తెర పట్టిన బొటనవేలు రోజుకు కొన్ని వేలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అదంతా మణికట్టు వంచే చేయాలి. నడుము సంగతి సరేసరి. కరిచే కుక్కలు, రక్కే కుక్కలు వేరే. (ఇప్పుడు ఆ వృత్తిలో ఉన్న యువకులకు ఒక మాట: కుక్కలతో పనిచేసేవారు కాటుకు ముందే వేయించుకోవలసిన రేబిస్ టీకా ఉన్నది. కాటు పడితే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటిలో కడిగి, మునుపు టీకా వేయించుకున్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.)

ఇక మేనమామ దుకాణం విషయం. ఆయన మనసు మంచిదే. కానీ మాంసం కొట్టే కత్తి ఎత్తి దించే పని పడేది సరిగ్గా అదే మణికట్టు మీద. మాంసం కోసే కర్మాగారాల కార్మికులలో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతుందన్నది వైద్యులకు పాత సంగతే. కత్తెర వల్ల నలిగిన నాడిని కత్తి కిందికి పంపడం ఏం వైద్యం? దుకాణంలో డబ్బు పెట్టె దగ్గర కూర్చోబెట్టి లెక్కలు అప్పగిస్తానంటే అది వేరు, సంతోషంగా పంపండి. ఆటో నడపమనీ, బైకు మీద సరుకులు చేరవేయమనీ సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు. యాక్సిలరేటర్ తిప్పుతూ పట్టుకునేది కుడి మణికట్టే. గతుకుల రోడ్డు అదురంతా దానిలోకే పోతుంది. పని మార్చేటప్పుడు జీతం ఎంత అని అడగడానికి ముందు, ఆ పనిలో చేయి రోజంతా ఏ భంగిమలో ఉంటుందని అడగాలి.

చికిత్స కూడా ఉన్నది. రాత్రిపూట మణికట్టును తిన్నగా నిలిపే పట్టీ కట్టుకుంటే కొందరికి వారాలలో ఉపశమనం కలుగుతుంది. మరికొందరికి సూది మందు ఇస్తారు. తగ్గకపోతే, బొటనవేలి కింది కండ కరగడం మొదలైతే, సొరంగపు పైకప్పు వంటి పొరను కోసి నాడికి చోటు కల్పించే చిన్న ఆపరేషన్ చేస్తారు. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నికాహ్ ఖర్చులు ముందు, చేయి తరువాత అనుకోవద్దని ఆ తల్లికి గట్టిగా చెబుతున్నాము. పట్టీని వుజూ సమయంలో విప్పి కడుక్కోవచ్చు. ఆపరేషన్ తరువాత కట్టు విప్పకూడని రోజులలో దానిపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలు.

డబ్బు విషయంలో చట్టం ఏమిస్తుందో కూడా చూద్దాం. పదిమంది, అంతకు మించి పనివారున్న చోట 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జబ్బు సెలవులో జీతంలో 70 శాతం వరకు ఏడాదికి 91 రోజులు ఇస్తారు. ఆ సెలూన్‌లో ఆరుగురే పని చేసేవారని ఉత్తరంలో ఉన్నది కనుక ఆ దారి మూసుకున్నట్లే. పనిలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం చెల్లించాలన్న నియమం 1923 నుండి చట్టంలో ఉన్నది, కానీ ఏయే పనులకు అన్న జాబితా దానికి ఉన్నది. పైగా ఒకనాటి ప్రమాదాన్ని రుజువు చేసినంత తేలిక కాదు ఏడేళ్ల అరుగుదలను రుజువు చేయడం. కార్మిక శాఖ కార్యాలయంలో ఒకసారి విచారించండి, దానిపైనే ఆశ పెట్టుకోవద్దు. అంగవైకల్య ధ్రువపత్రం ఆధారంగా వచ్చే సౌకర్యాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక మణికట్టు బాధ అంతవరకు వెళ్లడం అరుదు, వెళ్లకూడదనే మా దుఆ.

ఏడేళ్లలో ఆ యువకుడు నేర్చుకున్నది కత్తెర పట్టడం ఒక్కటేనా? కుక్క చెవులు వెనక్కి వాల్చినా, ఒళ్లు బిగబట్టినా అది భయపడుతున్నదో కరవబోతున్నదో అతనికి తెలుసు. చర్మంపై ఏది గజ్జి, ఏది పిడుదు కాటు, ఏ చెవి లోపల చీము పట్టిందో యజమానికన్నా ముందు గమనించేది అతనే. గొడవపడే ఖాతాదారును శాంతపరచడం కూడా అలవాటే. పశువైద్యుని క్లినిక్‌లో సహాయకునిగా, పెంపుడు జంతువుల ఆహారం, మందులు అమ్మే దుకాణంలో, లేదా కొత్తవారికి ఈ పని నేర్పే శిక్షకునిగా ఈ జ్ఞానం చెల్లుతుంది. చేతికి బదులు నోటితో చేసే పనులివి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది. ఇంటివారు ఆ ఏడాది కొంచెం ఓర్చుకోవాలి, ఎత్తిపొడవకూడదు.

మా మదరసాలో ఫిఖహ్ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు అల్-ఖఫ్ఫాల్ అల్-మర్వజీ గురించి చెబుతుంటాము. ఖఫ్ఫాల్ అంటే తాళాలు చేసేవాడు. ఆయన ముప్పై ఏళ్లు వచ్చేదాకా తాళాలే చేశారు, అందులో ఆరితేరారు. ఆ తరువాత చదువు మొదలుపెట్టి షాఫిఈ ఫిఖహ్‌లో ఇమామ్ అయ్యారు. హిజ్రీ 417లో మరణించారు. ఆయన చేయి బాగానే ఉన్నది, ఇష్టపడే మారారు. మన యువకునిది బలవంతపు మార్పు, బాధ ఎక్కువే. అయినా ఆ పాత వృత్తి పేరును ఆయన పేరులోంచి ఎవరూ తీసివేయలేదు. మన అబ్బాయి కూడా, నువ్వేం చేసేవాడివని ఎవరైనా అడిగితే, కుక్కలకు గ్రూమింగ్ చేసేవాడినని తలెత్తి చెప్పవచ్చు.

చివరి ప్రశ్న. అమ్మా, దాచకండి. నికాహ్ అయిన మొదటి వారంలోనే ఆ అమ్మాయి రాత్రివేళ అతను చేయి విదిలించుకోవడం చూస్తుంది. పెళ్లికి ముందు తెలిస్తే అది జబ్బు, తరువాత తెలిస్తే మోసం. మధ్యవర్తి చేత కబురు పంపవద్దు, అబ్బాయి తండ్రి స్వయంగా వెళ్లాలి. వెళ్లేముందు నాడి పరీక్ష చేయించి, వైద్యుడు ఏమన్నాడో, కోలుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో, అంతవరకు ఇల్లెలా గడుస్తుందో తెలుసుకుని వెళ్లాలి. వారు కొంత గడువు అడిగితే ఇవ్వండి. వద్దంటే, వారి కూతురి విషయంలో అడిగే హక్కు వారికి ఉన్నది, మనసులో పెట్టుకోకండి. అమ్మాయిని కూడా అడగమనండి. ఇటువంటి సందర్భాలలో పెద్దలకన్నా ముందు సరేనన్న ఆడపిల్లలను మేము చూశాము.