ఒకే ట్యూబు – ఇంటిల్లిపాదికా?

ఈసారి నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం మా అక్కకి మోచేతి మడతల్లో ఎగ్జిమా వచ్చింది. చర్మం ఎర్రబడి, పొడిబారి, రాత్రిళ్ళు ఒకటే దురద. ఒక శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము రాసిచ్చాను. వారంలో తగ్గింది. తమ్ముడి హస్తవాసి మంచిదని అక్క అందరికీ చెప్పుకుంది, నేనూ పొంగిపోయాను. ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు మానాలో చెప్పడం మాత్రం మరిచాను.

మరుసటి ఏడాది ఓ పెళ్ళిలో కలిశాం. మేనకోడలి బుగ్గలు కందిపోయి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తున్నాయి. బావగారు గజ్జల్లో తామరతో అవస్థ పడుతున్నారు. ఆరా తీస్తే సంగతి బయటపడింది. ట్యూబు అయిపోయాక మందుల షాపులో అడిగితే, అది లేదని బెటామెథాసోన్ ఉన్న వేరే క్రీము ఇచ్చారట. అమ్మాయి మొటిమలకీ, రంగు తేలడానికీ నెలల తరబడి రాసుకుంది. బావగారు తామరకి రాసుకున్నారు.

"నువ్విచ్చిన మందులాంటిదేగా, అందరికీ పనికొస్తుందనుకున్నాంరా" అంది అక్క. నాకు నోట మాట రాలేదు.

స్టెరాయిడ్ అనగానే భయపడనక్కర్లేదు. హైడ్రోకార్టిజోన్ పైపూత చర్మవ్యాధులకు పనిచేస్తుందని 1952లో అమెరికా వైద్యులు సల్జ్‌బర్గర్, విటెన్ చూపించారు. నేటికీ అది మంచి మందే. అయితే స్టెరాయిడ్లలో తరగతులున్నాయి. హైడ్రోకార్టిజోన్ సౌమ్యమైనది, బెటామెథాసోన్ వాలరేట్ బలమైనది, క్లోబెటసాల్ మరీ బలమైనది. ట్యూబు మీది అంకె చూసి మోసపోకండి. 0.05 శాతం క్లోబెటసాల్, 1 శాతం హైడ్రోకార్టిజోన్ కంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది.

ఇక తామర. దాన్ని తమిళనాట పడర్‌తామరై అంటారు, మరాఠీవారు గజకర్ణ అంటారు. పేరేదైనా అది బూజుజాతి క్రిమి వల్ల వచ్చేది. స్టెరాయిడ్ ఆ క్రిమిని చంపదు. ఎరుపునీ దురదనీ అణచిపెడుతుంది అంతే. తగ్గిందని మనం సంతోషిస్తుంటే అది చాపకింద నీరులా పాకుతుంది. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి, చూసే వైద్యుడే తికమకపడతాడు.

వైద్యుడు సౌమ్యమైన క్రీము రాస్తే ఇలా వాడండి. పెద్దవారి చూపుడువేలి కొసనుంచి మొదటి గీతదాకా పిండిన చార సుమారు అర గ్రాము. వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకి అది చాలు. ఎర్రబడ్డచోట మాత్రమే, పల్చగా, రోజుకి ఒకటి రెండుసార్లు, చెప్పినన్ని రోజులే రాయాలి. వారంలో గుణం కనిపించకపోతే మళ్ళీ చూపించుకోండి. అంతేగాని అంతకన్నా బలమైనది కొనుక్కోవద్దు. చర్మానికి తేమనిచ్చే క్రీము రోజూ రాయండి, ఆ రెంటికీ అరగంట ఎడం ఉంచండి. దురద తగ్గినా తేమ క్రీము మానవద్దు.

ముఖం, కనురెప్పలు, గజ్జలు, పసిపిల్లల ఒళ్ళు – ఇక్కడ చర్మం పల్చన, మందు ఎక్కువగా ఇంకుతుంది. వైద్యుడి సలహా లేనిదే అక్కడ రాయకండి. బిడ్డకి మందు రాసి పైన డైపరు వేస్తే కట్టు కట్టినట్టే, ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. మొటిమలకీ, చీము పట్టిన పుండ్లకీ అసలే వద్దు. బలమైన క్రీము నెలల తరబడి వాడినవారు మాత్రం ఉన్నపళంగా మానకుండా వైద్యుణ్ణి కలవండి. ఒక్కసారిగా ఆపితే ఎరుపు, మంట తిరగబెట్టవచ్చు.

బావగారి తామర సరైన మందుతో తగ్గింది. మేనకోడలి ముఖం కుదుటపడడానికి చాలా నెలలు పట్టింది. ఆ పిల్ల కాలేజీకి దుపట్టా కప్పుకుని వెళ్ళిన రోజులు నాకింకా గుర్తే.

అప్పటినుంచి చీటీ మీద మూడు మాటలు తప్పకుండా రాస్తున్నాను: ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్ళు. మీ ఇంట్లో ఉన్న ట్యూబుల మీద కూడా ఆ మూడూ రాసిపెట్టుకోండి. రాయడానికి ఏమీ తోచని ట్యూబు ఉంటే, దాన్ని వాడకండి.