లందలో పుట్టిన విద్యకి పేటెంటు ఎవరిది?

ఈ మధ్య సర్కార్లకి ఒక కొత్త పూనకం వచ్చింది. దాని పేరు ఇన్నోవేషన్. మంత్రి నోరు తెరిస్తే ఇన్నోవేషన్, వైస్ ఛాన్సలర్ నోరు తెరిస్తే ఇన్నోవేషన్. యూనివర్సిటీలో పుట్టిన జ్ఞానం గోడ దూకి వ్యాపారికి చేరాలట. పేటెంట్లు కావాలట, కంపెనీలు కావాలట, అప్పుడు దేశం వెలిగిపోతుందట. ఇందుకోసం 2015 నవంబర్‌లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ పెట్టారు. అది చాలక 2022 జూన్‌లో రాయదుర్గంలో దాదాపు 400 కోట్లతో ఇంకో పెద్ద భవనం లేపారు. ఢిల్లీ సర్కారు 2025 జూలైలో ఏకంగా లక్ష కోట్ల పరిశోధన నిధికి సరేనంది. ఈ డబ్బు ప్రైవేటు కంపెనీలకి తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో, ఏళ్ల తరబడి గడువుతో అందుతుంది. ఊళ్లో మావోడు గేదె కొనుక్కోవడానికి బ్యాంకు మెట్లెక్కితే ఎన్ని షూరిటీలు అడుగుతారో మీకు తెలుసు.

జ్ఞానం నలుగురికీ చేరాలంటే మేం ఎందుకు వద్దంటాం? అక్షరం వినబడితే చెవుల్లో సీసం పోయమని శాస్త్రాలు రాయించుకున్న జాతులం మేం. మేం అడిగేదేంటంటే, ఈ జ్ఞానం ఎవరింట్లో బయల్దేరి ఎవరింటికి చేరుతోంది? దారి ఖర్చు ఎవరిది, దిగిన సరుకు ఎవరిది? కంప్యూటర్ల సంగతి పెద్దోళ్లు చెప్తారు. మాకు తెలిసిన తోలు సంగతి మేం చెప్తాం.

లంద అంటే తెలియని బాబులు చాలామందే ఉంటారు. మాదిగవాడలో తోలు ఊనే తొట్టి అది. పచ్చి తోలుని నానేసి, సున్నంలో వేసి, వెంట్రుక ఊడే పదును చూసి తీసి, కండ గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో వేస్తారు. ఎన్నాళ్లుంచాలో, ఎప్పుడు తిరగెయ్యాలో, ఏ కాలంలో ఎంత చెక్క పడుతుందో మా తాతలకీ అవ్వలకీ తెలుసు. మోట తొండానికి ఏ తోలు, చెప్పు అట్టకి ఏ తోలు, డప్పుకి ఏ తోలు అనేది వేలితో తాకి చెప్పేవాళ్లు. దీన్ని కెమిస్ట్రీ అంటారని వాళ్లకెవరూ చెప్పలేదు. ఆ తొండం లేకపోతే బావిలో నీళ్లు పైకి రావు, నీళ్లు రాకపోతే దొర పొలం పండదు. అయినా నీళ్లు తోడే తోలు చేసినోడు ఆ బావి దగ్గరికి రాకూడదు!

ఇప్పుడు యూనివర్సిటీ నుంచి పరిశ్రమకి అని గొప్పగా చెప్పే కథ మద్రాసులో నూట పాతికేళ్ల కిందటే మొదలైంది. ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ అల్ఫ్రెడ్ చాటర్టన్ దొర 1898లో అక్కడి ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం సామాన్ల తయారీ పెట్టాడు. సర్కారు డబ్బుతో అది నిలదొక్కుకున్నాక 1903లో ఒక ప్రైవేటు కంపెనీ చేతికి పోయింది. తర్వాత ఆయన కన్ను తోలు మీద పడింది. తంగేడు చెక్క బదులు క్రోమ్ ఉప్పుతో తోలు పదును చేసే పద్ధతి తెచ్చాడు. ఆ క్రోమ్ తోలుతో ఏం చేయించారనుకున్నారు? మోట తొండాలు! నీళ్లలో ఎక్కువ కాలం ఆగుతాయని రుజువు చేసి రైతులకి చూపించారు. 1910లో లండన్ నుంచి మార్లే దొర అడ్డం పడ్డాడు. సర్కారు పద్ధతి నేర్పించి ఊరుకోవాలి గానీ వ్యాపారం చెయ్యకూడదని తాకీదు. అంటే కనిపెట్టే ఖర్చు జనానిది, అమ్ముకునే హక్కు పెట్టుబడి ఉన్నోడిది. ఆ తాకీదు రాసిన రాజ్యం పోయింది, తాకీదు మాత్రం పోలేదు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. పక్కనున్న అన్నా యూనివర్సిటీతో కలిసి తోలు ఇంజనీర్లని తయారు చేస్తోంది. గుంటూరు జిల్లా బిడ్డ యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దాని డైరెక్టర్. ఆయన మీద మాకు కోపం లేదు. పైకులాలు ముక్కు మూసుకునే తోలుని చేత్తో పట్టుకుని చదివినందుకు గౌరవమే ఉంది. ఆ సంస్థ పల్లెల్లో చెప్పులు కుట్టేవాళ్లకి శిక్షణలు ఇవ్వలేదనీ అనం, ఇచ్చింది. అయితే లెక్క చూడండి. నీళ్లు లేకుండా క్రోమ్ పట్టించే పద్ధతి కనిపెడితే లైసెన్సు టానరీ యజమానికి. మావోడికి ఓ వారం ట్రైనింగు, ఓ సర్టిఫికెట్టు, ఓ గ్రూపు ఫోటో. యజమానికి విద్య ఆస్తి అయింది, మావోడికి కూలి అయింది. కూలితో పాటు విషం కూడా. 2015 జనవరి 31న రాణిపేటలో టానరీల మురుగు శుద్ధి కేంద్రం బురద తొట్టి గోడ కూలి, పక్కనే నిద్రపోతున్న కూలీలు పదిమంది చనిపోయారు. టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ పుస్తకాల్లో ఈ ట్రాన్స్‌ఫర్‌కి ఏ అధ్యాయమూ ఉండదు.

ఇంకో ముచ్చట. పసుపు గాయం మాన్పుతుందని అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వాళ్లు 1995లో పేటెంటు తీసుకుంటే, మన సిఎస్ఐఆర్ పోట్లాడి 1997లో రద్దు చేయించింది. శభాష్ అన్నాం. ఎట్లా గెలిచింది? ఇది మాకు ముందే తెలుసు అని సంస్కృత గ్రంథం ఒకటి, పాత పత్రికలో వ్యాసం ఒకటి చూపించి గెలిచింది. తర్వాత ఇలాంటి విద్యలన్నిటినీ కాపాడాలని 2001లో ఒక డిజిటల్ గ్రంథాలయం మొదలెట్టారు. అందులో ఉన్నవి ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, యోగ. అన్నీ గ్రంథాల్లోంచి ఎత్తి రాసినవే. మరి మా లంద ఏ గ్రంథంలో ఉంది? రాయనిస్తే గదా ఉండేది! చదువుకోనివ్వకుండా వెలేసింది మీరే, రాతలో లేదు కాబట్టి మీది జ్ఞానమే కాదనేదీ మీరే. చట్టం చూస్తే ఇంకా విచిత్రం. మన పేటెంటు చట్టంలో 3(పి) సెక్షన్ ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వరు. అది మంచిదే, ఎవడూ దొంగిలించకుండా ఉంటుందని పెట్టారు. కానీ అదే చెక్కకి ల్యాబులో ఓ ఎంజైము కలిపి, ఓ కొత్త మెట్టు చేరిస్తే అది ఆవిష్కరణ అవుతుంది. పేటెంటు కాగితం మీద తెల్లకోటు పేరుంటుంది. చెక్క పరిచయం చేసిన వాడకి రాయల్టీ ఏదీ?

పట్టుకునే పిడి ఉంటే ఏమవుతుందో కొల్హాపురి చెప్పు చూపించింది. 2019లో మహారాష్ట్ర, కర్ణాటక తోలు కార్పొరేషన్ల పేర ఆ చెప్పుకి జిఐ గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్‌లో అదే చెప్పుని పేరు చెప్పకుండా నడిపించింది. గొడవయ్యాక మూలం ఒప్పుకుంది, డిసెంబర్‌లో ఆ రెండు కార్పొరేషన్లతో ఒప్పందానికి వచ్చింది. 2000 జతలు, జత 800 యూరోలు అని ప్రకటించారు. అందులో కుట్టినోడి చేతికి ఎంత వస్తుందో చూడాలి. అయినా కూర్చుని మాట్లాడటానికి ఒక కాగితం ఉంది. మనకి 1973లోనే లిడ్‌క్యాప్ అని తోలు కార్పొరేషన్ పెట్టారు. మినీ లెదర్ పార్కులని జిల్లాల్లో భూములు చూపించారు. బోర్డులు నాటారు. బోర్డులు తుప్పు పట్టాయి.

ల్యాబుల్లో మనవాళ్లుంటే మన సంగతి వాళ్లు చూసుకుంటారు గదా అంటారు కొందరు. ఎంతమంది ఉన్నారు? 2019లో కేంద్రం పార్లమెంటుకి చెప్పిన లెక్క ఇది: 23 ఐఐటీల్లో 6043 మంది అధ్యాపకులుంటే, ఎస్సీలు 149, ఎస్టీలు 21. ఇద్దరూ కలిసి నూటికి ముగ్గురు కూడా లేరు. వీళ్లే కమిటీలు, వీళ్లే ఇంక్యుబేటర్లు, ఎవడి ఆలోచనలో దమ్ముందో తేల్చేదీ వీళ్లే. 2020లో అంబేద్కర్ పేరుతో ఒక ఇంక్యుబేషన్ మిషన్ ప్రకటించారు. నాలుగేళ్లలో వెయ్యిమంది ఎస్సీ యువకులకి తలా 30 లక్షలు అన్నారు. వెయ్యిమందికీ మొత్తం ఇచ్చినా 300 కోట్లు. లక్ష కోట్ల పక్కన పెట్టి చూసుకోండి. పైగా ఆ వెయ్యిమందిని ఏరేది మళ్లీ ఆ కాలేజీ ఇంక్యుబేటర్ల గుమ్మం దగ్గరే.

2016 జనవరి 16న ఢిల్లీలో స్టార్టప్ ఇండియా పండగ జరిగింది. మర్నాడు, 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం పోయింది. అతను చేస్తున్న పిహెచ్‌డి ఏంటో తెలుసా? సైన్సుకీ టెక్నాలజీకీ సమాజానికీ ఉన్న సంబంధం. ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బై ఐదు వేలు, తనకి రావాలని చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. హాస్టల్ నుంచి వెళ్లగొడితే ఆ అయిదుగురు పిల్లలు వెలివాడ అని పేరు పెట్టుకుని ఆరుబయట పడుకున్నారు. జ్ఞానాన్ని బజారుకి చేరవేయడానికి లక్ష కోట్లు దొరికే దేశంలో, జ్ఞానం కోసం వచ్చిన పిల్లోడికి నెలనెలా స్టైపెండు చేరవేయడానికి దారి దొరకలేదు.

కాబట్టి మా డిమాండు దాపరికం లేకుండా చెప్తున్నాం. తోలు మీద ప్రజల డబ్బుతో వచ్చిన ప్రతి పేటెంటు, ప్రతి లైసెన్సు ఆదాయంలో తోలు పని కులాల సహకార సంఘాలకి వాటా రాసివ్వాలి. లంద విద్యని, అది తెలిసిన ముసలోళ్లు ఉండగానే, వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లో రికార్డు చెయ్యాలి. ఆ రికార్డు మీద హక్కు వాళ్ల సంఘాలకే ఉండాలి. లక్ష కోట్ల నిధిలో ఎస్సీ, ఎస్టీ సంస్థలకి జనాభా లెక్కన భాగం తీసి పెట్టాలి. ఏరే కమిటీలో మనవాళ్లు కూర్చోవాలి.

ఈలోగా మన పని మనం మొదలెడదాం. మీ జిల్లాలో తోలు కార్పొరేషన్ పేర ఎన్ని ఎకరాలున్నాయి, ఏ సర్వే నంబర్లో ఉన్నాయి, ఇప్పుడు అక్కడ ఎవరున్నారు అని సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చినా, రాకపోయినా మాకు రాయండి. ఊరి పేరుతో సహా అచ్చేస్తాం.