చేపల ఒంటికి చాకిరీ చేసే చిన్న చేప

కొర్రమట్ట, బొచ్చె, జెల్ల మన చెరువు చేపలు. వాటిని మనం ఎరుగుదుం. సముద్రం మన తెల్లాపూర్‌కు బహుదూరం. అయినా ఈ నెల ఒక సముద్రపు చేపను గూర్చి వ్రాస్తున్నాం. మన చుట్టూ లేచిన అపార్టుమెంట్లలో కొందరు ఉప్పునీటి గాజుతొట్లు పెట్టుకుంటున్నారు. అక్కడికి పనికి వెళ్లే తల్లుల వెంట వెళ్లి చూచిన పిల్లలు, మనకూ ఒకటి కావాలంటున్నారు.

దాని పేరు క్లీనర్ రాస్. పొడవు జానెడు కూడా ఉండదు. నీలపు ఒంటిమీద తల నుండి తోక వరకు నల్లని చార. లక్షద్వీప్, అండమాన్ పగడపు దిబ్బల్లో దీని కాపురం. బర్రె వీపున వాలి పిడుదులు ఏరే గోరింకను చూస్తుంటాం గదా, సరిగ్గా అదే దీని పని. దిబ్బ దగ్గర ఒకచోట పైకీ కిందికీ ఊగుతూ ఆడుతుంది. అది చూచి పెద్ద చేపలు వచ్చి, నోరు తెరచి కదలక నిలుస్తాయి. ఇది ఆ నోట్లోకే దూరి, మొప్పల్లోని పురుగులను ఏరి తింటుంది. ఒక్క గుటకలో మింగగలిగినది మింగదు! ఒక్కొక్కటి రోజుకు సుమారు 1,200 పురుగులు తింటుందని 1996లో ఆస్ట్రేలియా పరిశోధనలో తేలింది.

అలాగని ఇది అమాయకురాలేమీ కాదు. పురుగుల కంటే చేప ఒంటి జిగురే దీనికి రుచి. సందు దొరికితే కొరుకుతుంది. ఆ చేప ఉలిక్కిపడి వెళ్లిపోతుంది. ఆలుమగలు కలిసి పనిచేసేటప్పుడు ఆడది ఇలా కొరికితే మగది తరిమి శిక్షిస్తుందట. మగది కొరికితే ఏమిటో మన స్త్రీల సమాజమే అడగాలి! దీని వేషం వేసుకుని వచ్చి, నమ్మిన చేప రెక్కను కొరికి పారిపోయే మరొక చేప కూడా ఉంది.

ఆస్ట్రేలియాలోని లిజార్డ్ ద్వీపం వద్ద కొన్ని దిబ్బల నుండి ఈ చేపలను ఎనిమిదిన్నర సంవత్సరాలు తీసివేస్తూ వచ్చారు. 2011లో ఫలితం ప్రకటించారు. మిగతా దిబ్బలతో పోలిస్తే అక్కడ కాపురమున్న చేపలు 37 శాతం తక్కువ. కొన్ని రకాలు సరిగా ఎదగనే లేదు.

అంగళ్లలో అమ్మేవి ఎక్కువగా అటువంటి దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. గాజుతొట్టిలో దానికి ఏరుకోను పురుగులుండవు. వేసిన మేత ముట్టక, చాలామట్టుకు ఎండిపోయి చస్తుంది. కాబట్టి డబ్బున్నా కొనవద్దని మా మాట. పిల్లలు మారాం చేస్తే వానాకాలంలో చెరువు గట్టుకు తీసుకువెళ్లండి. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతుంటాయి; తల్లిదండ్రులు వాటిని కనిపెట్టుకుని కిందనే ఉంటాయి. చేయి మాత్రం పెట్టనివ్వకండి, కొరుకుతాయి.